గృహకృత్యమునకు విలువ యెంత?



విద్యార్థివేతనములను గూర్చియు, వసతిగృహనిర్మాణమును గూర్చియు పెద్దలు చక్కగా ప్రసంగించియున్నారు. మేము మన సంఘపు కుటుంబపట్టికలోని యొక చిన్న గడిని గూర్చి విన్నవింప నిలిచితిమి. ఆ పట్టికను నింపునప్పుడు మా తల్లిగారి పేరున కెదురుగా ‘వృత్తి’ యను గడిలో మేమే మా చేతితో అడ్డుగీత గీచితిమి. అయిదుగురు బిడ్డలను సాకి, పక్షవాతముతో మంచముపట్టిన యత్తగారికి తొమ్మిదేండ్లు అన్నము తినిపించి, తెల్లవారుజామున కళ్లాపి చల్లినది మొదలు రాత్రి అంట్లు తోమి పాలు తోడుపెట్టువరకు నడుము వాల్పని యామెకు వృత్తి లేదట! ఆ గీతను చూచి యామె యేమియు ననలేదు. చదువుకొన్న కొడుకు వ్రాసినదే నిజమనుకొన్నది కాబోలు.

ఈ తప్పు మా యొక్కరిదే కాదు. జనాభాలెక్కలలో గృహిణులను బిచ్చగాండ్రతోను ఖైదీలతోను జతచేసి, ఉత్పత్తి చేయనివారి వర్గమున చేర్చుటను సుప్రీంకోర్టు 2010లో తీవ్రముగా నాక్షేపించినది. అంతకుముందే, 1989లో జంషెడ్‌పూరున జరిగిన యగ్నిప్రమాదపు కేసులో, ఆ న్యాయస్థానమే 2001లో మధ్యవయస్కులగు గృహిణుల సేవకు నెలకు 3000 రూపాయలు విలువ కట్టినది. 2021 జనవరిలో, కృష్ణాజిల్లా పొన్నవరమున జన్మించిన జస్టిస్ ఎన్.వి. రమణగారు మరియొక ప్రమాదపు కేసున తీర్పు వ్రాయుచు, 2011 జనాభాలెక్కలలో ఇంటిపనియే తమ ముఖ్యవ్యాపకమని చెప్పిన స్త్రీలు దాదాపు 16 కోట్లనియు, పురుషులు 58 లక్షలైన లేరనియు జ్ఞాపకము చేసిరి. సంతోషమే. కాని యొక్క సంగతి గమనింపుడు. ఈ విలువ కట్టుటలన్నియు ఆమె మరణించిన పిమ్మటనే! బ్రదికియున్నంత కాలము ఆ పని ఉచితము.

కేంద్రప్రభుత్వము 2019లో జరిపిన కాలవినియోగ పరిశీలనలో, ఇంటిపని చేయువారిలో స్త్రీలు దినమునకు సగటున 299 నిమిషములు, పురుషులు 97 నిమిషములు వెచ్చించుచున్నట్లు తేలెను. 2024 నాటికి స్త్రీల పని 289 నిమిషములయ్యెను. మిక్సీలు, గ్యాసుపొయ్యిలు వచ్చిన పుణ్యమేమో! పురుషులును ఊరకుండక తమ పనిని 88 నిమిషములకు తగ్గించుకొనిరి.

వీరేశలింగము పంతులుగారి విగ్రహములకు మనము దండలు వేయుచున్నాము. 1881లో రాజమహేంద్రవరమున తొలి వితంతువివాహము జరిగినప్పుడు, వెలివేతకు వెరచి వంటవారును నీళ్లవారును మానివేయగా, స్వయముగా వండి, గోదావరినుండి నీరు మోసినవారు ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మగారు. ఆ చేతులు లేక ఆ యుద్యమము ఒక్క వారమైన సాగెడిదా? సంస్కరణమని మనము చదువుకొనుదానిలో సగము ఆ వంటింట జరిగినదే.

తల్లిప్రేమకు కూలి కట్టుదురా యని కొందరు మమ్ము గద్దింపవచ్చును. ప్రేమను మేము తూచుటలేదు. ప్రేమ పేరు చెప్పి బియ్యము కడుగుటయు, ముసలివారికి వేళకు మందిచ్చుటయు తప్పించుకొనువారిని గూర్చి మాటాడుచున్నాము. వారిలో మేమును చేరుదుము.

కావున మహాసభవారిని రెండు కోరుచున్నాము. పట్టికలో అడ్డుగీతకు బదులు ‘గృహనిర్వహణము’ అని వ్రాయనిండు. సహాయనిధి నియమములలో ‘సంపాదనపరుడు జబ్బుపడినచో’ అనుదానికి తోడు ‘ఇల్లు నడపు స్త్రీ జబ్బుపడినచో’ అని చేర్పుడు. తల్లి మంచముపట్టిన యింట వంటమనిషికిని, ఆయాకును ఎంత జీతమీయవలసివచ్చునో అనుభవించినవారు ఈ సభలోనే కలరు.

మా తల్లిగారి కాగితమును ఈ యుదయమే మరల వ్రాసి కార్యదర్శిగారి కిచ్చితిమి. నియమము మారువరకు స్వీకరింప వీలులేదని వారు దానిని బల్లసొరుగున నుంచియున్నారు.