షాకులున్న సైకిలుకి క్యారేజీ

అంబాజీపేటలో కొబ్బరి, రావులపాలెంలో అరటి మార్కెట్లున్న సీమ మనది. కాయల బస్తా సైకిలు క్యారేజీ ఎక్కడం ఇక్కడ కొత్త కాదు. పాత సైకిలుకి వెనక చట్రం కదలదు గనక క్యారేజీ కాళ్లు ఇరుసు దగ్గర బిగిస్తే సరిపోయేది. ఇప్పుడు పిల్లలు పట్టుబట్టి కొనిపించుకునేవి షాకబ్జార్బర్ల సైకిళ్లు.

షాకులు ముందు ఫోర్కుకే ఉంటే దిగులు లేదు. వెనక బోల్టు రంధ్రాలున్నాయో లేదో, డిస్కు బ్రేకుకి క్యారేజీ కాలు తగులుతుందేమో చూసుకోండి. వెనకా షాకు ఉంటేనే చిక్కు. గుంతలో పడ్డప్పుడల్లా చక్రం పైకి లేస్తుంది, సీటు గొట్టం మాత్రం దానితో కదలదు. రెండింటికీ కలిపి బిగించిన క్యారేజీ వంగుతుంది, లేదా బోల్టు తెగుతుంది.

సీటు గొట్టాన్నే పట్టుకునే రకం ఉంది. చాలావాటికి 10 కిలోలే హద్దు. పుస్తకాల సంచీకి సరే, అరటిగెలకి కాదు. గొట్టం కార్బన్‌దైతే అసలొద్దు. చక్రంతోపాటు కదిలేలా వెనక ఇరుసుకే బిగించేవి ఎక్కువ బరువు మోస్తాయి. కానీ కుదుపంతా సామానుకే! కోడిగుడ్లు పెట్టకండి. నన్నడిగితే కాయలు మోసే రైతుకి షాకుల్లేని సైకిలే మేలు.

సీటు గొట్టం రకం కొనేముందు షాకు అడుగంటా నొక్కించి, టైరు క్యారేజీకి తగలట్లేదని కొట్లోనే చూసుకోండి.