పరీక్షయు, పరిశీలనమును
(వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



ఈ సభయందు విద్యావిషయమును గూర్చి నాలుగు మాటలు చెప్పుడని కార్యనిర్వాహకులు మమ్ము కోరిరి. చిరకాలము బడిపంతులు పని చేసి విశ్రాంతి గైకొన్న మాకు ఇంతకంటె ప్రియమైన ఆజ్ఞ వేరొకటి లేదు. మన సంఘము ఏటేట ఈ వేదికమీద హెచ్చు మార్కులు గడించిన బాలబాలికలకు పతకము లొసంగుచున్నది. అది సంతోషింపదగినదే. అయినను పతకమందుకొనువాడు ఒక్కడు. వానితోపాటు తరగతిలో కూర్చున్నవారు నలువదిమంది. ఆ మిగిలినవారు ఏమి నేర్చిరి? ఎచ్చట చిక్కుకొనిరి? ఈ ప్రశ్ననే నేడు మీ యెదుట నుంచదలచితిమి.

పరీక్ష యను మాటయందు ‘పరి’ యనగా అన్ని వైపుల, ‘ఈక్ష’ యనగా చూచుట. బిడ్డ జ్ఞానమును నలుప్రక్కల నుండి చూచుటయే పరీక్ష. ఏటికొకమారు మూడు గంటలసేపు కాగితముమీద వ్రాయించి ఒక అంకె వేయుట ఒక ప్రక్కనుండి చూచుట మాత్రమే. మిథిలయందలి విద్యాపీఠములలో శలాకాపరీక్ష యని యొకటి యుండెడిదని ప్రసిద్ధి. తాళపత్రగ్రంథమును సూదితో గ్రుచ్చి, మొన ఆగిన పత్రమునందలి విషయమును విద్యార్థిచేత వివరింపజేసెడివారు. ఎచ్చట తెరచినను చెప్పగలవాడే చదివినవాడని దాని తాత్పర్యము.

మన వీధిబడుల సంగతి చూతము. 1823లో బళ్లారి కలెక్టరు ఎ. డి. కాంప్‌బెల్ మద్రాసు రెవిన్యూ బోర్డునకు పంపిన నివేదికలో, ఆ జిల్లాయందు 533 బడులును 6,641 మంది విద్యార్థులును ఉన్నట్లు వ్రాసెను. ఆ బడులలో 226 తెలుగువి. ఉదయమున మొదట వచ్చిన బాలుని అరచేత ‘సరస్వతి’ యని వ్రాయుదురట, రెండవవానికి సున్న, మూడవవానికి ఒక దెబ్బ, నాల్గవవానికి రెండు, అటుపై వచ్చినకొలది ఒక్కొక్కటి హెచ్చు. పిల్లలు పద్యములను చిలుకవలె అప్పగింతురే కాని అర్థ మెరుగరనియు ఆయన వ్రాసెను. అనగా ముందు వచ్చినదెవరో ప్రతిదినము లెక్కింపబడెనే కాని, ఎవరికేమి తెలిసినదో చూచుట అరుదుగా నుండెను. దెబ్బలు పోయినవి గాని, ముందు వెనుకల లెక్క మనలను వదలలేదు.

తరగతిలో పరిశీలనము ఎట్టిదో యొక చిన్న లెక్కతో చెప్పెదము. 52లో నుండి 38 తీసివేయుమన్నచో పలువురు పిల్లలు 26 అని వ్రాయుదురు. సరియైనది 14. తప్పుగుర్తు వేసి సున్న యిచ్చిన గురువునకు ఏమియు తెలియదు. ‘ఎట్లు చేసితివి నాయనా?’ అని యడిగిన గురువునకు సర్వము తెలియును. బిడ్డ ఎనిమిదిలో రెండు పోగా ఆరు, ఐదులో మూడు పోగా రెండు అనుకొన్నాడు. వానికి తీసివేత రాకపోలేదు. పదిని విడదీసి ఒకట్లలో కలుపుకొనుట రాలేదు. పది పుల్లల కట్టను విప్పి చూపినచో వాని సందేహము విడిపోవును. అట్లే నాలుగువందల మూడును 4003 అని వ్రాయు బిడ్డ చెవికి వినబడినట్లు వ్రాయుచున్నాడు. వానికి స్థానవిలువ చెప్పవలెను. పాఠమును గడగడ చదువు బిడ్డను నడుమ నొక వాక్యము చదువుమన్నచో తడబడినయెడల, అది చదువుట కాదు, అప్పగించుట. ఇదియే మన యింటి శలాకాపరీక్ష. దీనికి కావలసినది ఓర్పు మాత్రమే.

మార్కుల ప్రభావమును గూర్చి 1988లో ఇశ్రాయేలు దేశమున రూత్ బట్లర్ అను విదుషి యొక పరిశోధన ప్రకటించెను. కొందరు పిల్లలకు మార్కులు మాత్రము, కొందరికి పనిని గూర్చిన వ్యాఖ్య మాత్రము, కొందరికి రెండును ఇచ్చిరి. వ్యాఖ్య మాత్రము పొందినవారు తరువాతి పనిలో వృద్ధి చెందిరి. మార్కులతో కలిపి వ్యాఖ్య పొందినవారికి ఆ మేలు కలుగలేదు. అంకె కనబడగానే బిడ్డ కన్ను దానిమీదనే నిలుచునుగదా!

మన చట్టమును ఈ మాటయే చెప్పుచున్నది. 2009 నాటి విద్యాహక్కు చట్టము 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినది. బిడ్డ అవగాహనను, దానిని ప్రయోగింపగల శక్తిని నిరంతరము సమగ్రముగా మూల్యాంకనము చేయవలెనని అందు విధించిరి. శిక్షను నిషేధించిరి. 2019లో దానిని సవరించి, 5, 8 తరగతులలో పరీక్ష పెట్టి తప్పినవారిని ఆపుటకు ప్రభుత్వముల కవకాశ మొసంగిరి. అయినను తప్పినవారికి మరల బోధించి, ఫలితము వెలువడిన 2 నెలలలో మరల పరీక్షింపవలెనని అందే కలదు. ఆ నడిమి బోధన జరుగనిచో, ఆపుట వలన బిడ్డకు ఒక సంవత్సరము నష్టమగునే కాని విద్య రాదు. ఆపకుండ పైకి పంపినను రాదు. తరగతి గదిలో నిర్మాణాత్మక మూల్యాంకనము పేర రిజిస్టరు గడులు మాత్రము నిండినను ఫలితమంతియే.

మా అనుభవమున బడి మానిన బిడ్డలలో బుద్ధిహీనులను అరుదుగా చూచితిమి. ఒక మెట్టుకడ జారి, జారినట్లు ఎవరును గమనింపనందున వెనుకబడి, ‘మొద్దు’ అను పేరు మోయలేక మానినవారే పెక్కండ్రు. వారిలో ఆడపిల్లను ముందుగా పనికి, పిదప పెండ్లికి పంపుదురు. ఈ నష్టము మన యిండ్లలోనిది.

కావున మహాజనులకు మూడు విన్నపములు. మొదటిది: మార్కుల పతకములతోపాటు, వెనుకబడి తిరిగి నిలదొక్కుకొన్న బిడ్డకును, వానిని నిలబెట్టిన గురువునకును ఈ వేదికమీద సన్మానము జరుగవలెను. రెండవది: మన సంఘ వసతిగృహములలో ప్రవేశించు ప్రతి బిడ్డచేతను ఒక పుట చదివించి, రెండు లెక్కలు చేయించి, రానిదేదో వ్రాసియుంచి, నెలకొకమారు మరల చూడవలెను. ఆ కాగితము బోధనకే గాని, ఎవరిని తొలగించుటకును గాదు. మూడవది తల్లిదండ్రులకు: ప్రగతిపత్రముమీద చేవ్రాలు చేయుటకు ముందు ‘ఎన్ని వచ్చినవి?’ అని కాక ‘ఈ నెల ఏమి నేర్చితివి? ఏది కష్టముగా నున్నది?’ అని యడుగుడు. అక్షరము రాని తల్లియు ఈ ప్రశ్న వేయగలదు.

ఈ మూడింటిని తీర్మానముగా స్వీకరింతురని ఆశించుచున్నాము.