బడి దుస్తులు: దేశదేశాల తీరు, మన లెక్క
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)





వివిధ దేశాల్లో బడి యూనిఫాంలు, దుస్తుల నియమాలు ఎలా ఉన్నాయో చెప్పమని నిర్వాహకులు నన్ను అడిగారు. వినడానికి విదేశయాత్రలా ఉంది గానీ, ఇది మన ఖర్చుల పుస్తకంలోని ఒక పద్దు గురించే. పిల్లల యూనిఫాంల కోసం మీరిచ్చే ప్రతి రూపాయి బిడ్డను బడి గేటు దాటించాలి. దాటిస్తోందా లేదా అన్నదే నాకు ముఖ్యం. మిగతా దేశాల సంగతులు అందుకు పనికొచ్చినంత వరకే చెబుతాను.

యూనిఫాం గొప్పింటి పిల్లల బడుల్లో పుట్టిందని చాలామంది అనుకుంటారు. అది పుట్టింది దానధర్మంలో. 1552లో లండన్‌లో క్రైస్ట్స్ హాస్పిటల్ అనే సంస్థ మొదలైంది. పేరులో హాస్పిటల్ ఉన్నా అది ఆసుపత్రి కాదు. దిక్కులేని పిల్లలకు తిండి, నీడ, చదువు ఇచ్చిన చోటు. అక్కడి పిల్లలకు పొడుగాటి నీలి కోటు, మెడ దగ్గర తెల్ల పట్టీలు, పసుపు మేజోళ్లు ఇచ్చారు. నీలం అద్దకం చవక కాబట్టి ఆ రంగు ఎంచుకున్నారని చెబుతారు. తర్వాత ఇంగ్లండు ఊళ్లలో చందాలతో నడిచే బడులు చాలా వచ్చాయి. వాటికి బ్లూకోట్, గ్రేకోట్, గ్రీన్‌కోట్ అంటూ కోటు రంగునే పేరుగా పెట్టారు. వీధిలో నడిచి వెళుతుంటే ఫలానా దాతల బిడ్డ అని ఊరందరికీ తెలిసేది. బట్ట ఒంటిని కప్పింది, పేదరికాన్ని మాత్రం అందరికీ చూపించింది.

క్రైస్ట్స్ హాస్పిటల్ బడి 1902లో ససెక్స్ ప్రాంతానికి తరలింది. ఇప్పటికీ నడుస్తోంది, ఇప్పటికీ అదే నీలి కోటు. అయితే అక్కడ ఫీజు పూర్తిగా కట్టగలిగిన పిల్లలు, సాయం మీద చదివే పిల్లలు కలిసి ఉంటారు. అందరికీ యూనిఫాం ఉచితం. ఎవరు ఏ కోవలోని వాళ్లో కోటు చూసి చెప్పలేరు. మార్చమంటారా అని పిల్లలనే అడిగితే అత్యధికులు ఉంచమన్నారు. ఒకప్పుడు గుర్తుపట్టించిన బట్టే ఇప్పుడు కాపాడుతోంది. బట్ట మారలేదు, ఇచ్చే పద్ధతి మారింది.

ఈ సందర్భంలో దాతలకు ఒక విన్నపం. కొంచెం చేదుగా ఉంటే మన్నించండి. స్కూలు బ్యాగు మీద సంఘం పేరు అచ్చు వేయించకండి. బిడ్డను వేదిక ఎక్కించి, చేతిలో జత పెట్టి, ఫొటో తీసి పంచుకోకండి. పదేళ్లు దాటిన పిల్లలకు అన్నీ అర్థమవుతాయి. ఆ ఫొటో తోటి పిల్లలు ఫోనులో చూశారంటే మరునాడు ఆ బిడ్డ తరగతిలో ఎక్కడ కూర్చుంటుందో నాకు తెలుసు. గుప్తదానం విలువ మీకు నేను చెప్పాల్సిన పని లేదు.

ఇక ఖర్చు. జపాన్‌లో ప్రభుత్వ ప్రాథమిక బడుల్లో చాలావాటికి యూనిఫాం ఉండదు, మిడిల్ స్కూలు నుంచి ఉంటుంది. మగపిల్లల నిలువు కాలరు నల్ల కోటు 1879లో గకుషూయిన్ అనే పెద్దింటి బడిలో సైనిక దుస్తుల నమూనాలో వచ్చింది. ఆడపిల్లల సెయిలర్ గౌను 1920ల మొదట్లో వచ్చింది. అక్కడ కూడా తల్లిదండ్రులకు ఇది బరువే. 2018లో టోక్యోలోని గింజా ప్రాంతంలో ఒక ప్రభుత్వ ప్రాథమిక బడి అర్మానీ కంపెనీ డిజైన్ చేసిన దుస్తులు పెడితే మొత్తం సెట్టు 80,000 యెన్‌ల దాకా అయింది. దేశమంతా గగ్గోలు పుట్టింది, పార్లమెంటులో కూడా ప్రశ్నలు వచ్చాయి.

బ్రిటన్‌లో యూనిఫాం ఖర్చు మీద 2021లో ఏకంగా ఒక చట్టమే చేశారు. దాని ప్రకారం వచ్చిన మార్గదర్శకాలు ఏమంటాయంటే, బడి గుర్తు ఉన్న వస్తువులు వీలైనంత తక్కువ ఉండాలి. ఒకే దుకాణానికి కట్టబెట్టకూడదు. వాడిన యూనిఫాంలు కూడా దొరికేలా బడే చూడాలి. మన సంఘంలో ప్రైవేటు బడుల కమిటీల్లో ఉన్నవాళ్లు ఉన్నారు, ఈ మాట ప్రత్యేకించి వాళ్లకు. సోమవారానికి ఒక జత, శనివారానికి తెల్ల జత, హౌస్ టీషర్టు, టై, బెల్టు, బడి పేరు అల్లిన మేజోళ్లు. అవి ఫలానా దుకాణంలోనే కొనాలి. ఆటో నడిపే తండ్రికి ఇద్దరు పిల్లలుంటే జూన్ నెల ఎలా గడుస్తుందో లెక్క వేసి చూడండి. బడి పేరున్న మేజోళ్లతో ఏ బిడ్డకూ లెక్కలు బాగా రావు.

యూనిఫాం ఇస్తే నిజంగా ఫలితం ఉంటుందా? దీనికి మంచి ఆధారం కెన్యా నుంచి వచ్చింది. అక్కడ 2003లో ప్రాథమిక విద్య ఫీజు ఎత్తేశారు. అయినా యూనిఫాం కొనలేని పిల్లలకు బడి కష్టమే అయింది. పశ్చిమ కెన్యాలో ఒక స్వచ్ఛంద సంస్థ లాటరీ తీసి కొందరికి ఉచితంగా యూనిఫాం ఇచ్చింది. పరిశోధకులు ఇచ్చినవాళ్లను, ఇవ్వనివాళ్లను పోల్చి చూశారు. అందుకున్న పిల్లల్లో గైర్హాజరు మూడో వంతుకు పైగా తగ్గింది. అంతకు ముందు యూనిఫామే లేని పిల్లల్లో సగానికి పైగా తగ్గింది. ఇక్కడ చప్పట్లు కొట్టబోకండి, ఇంకో సగం ఉంది. ఎనిమిదేళ్ల తర్వాత మళ్లీ వెళ్లి చూస్తే, ఎంత వరకు చదివారన్న విషయంలో ఆ రెండు వర్గాలకూ తేడా కనిపించలేదు. అంటే యూనిఫాం బిడ్డను బడికి తెస్తుంది గానీ, ఆ బిడ్డను బడిలో నిలబెట్టడానికి అదొక్కటే చాలదు. ఒకసారి ఇచ్చి చేతులు దులుపుకుంటే మన డబ్బు కూడా అంతే.

మన దగ్గర ప్రభుత్వం ఏమీ ఇవ్వడం లేదా అంటే, ఇస్తోంది. కేంద్రం సమగ్ర శిక్ష కింద ఎనిమిదో తరగతి వరకు ఆడపిల్లలందరికీ, ఎస్సీ, ఎస్టీ, దారిద్ర్యరేఖకు దిగువనున్న మగపిల్లలకూ రెండు జతలకు కలిపి 600 రూపాయల లెక్క కడుతుంది. రాష్ట్రాలు పైన వేసుకుంటాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో మొదలైన కిట్‌లో మూడు జతల గుడ్డ, బూట్లు, బెల్టు, బ్యాగు ఇచ్చారు. తెలంగాణలో కుట్టే పని మహిళా సంఘాలకు అప్పగించారు. మంచిదే. మరి ఖాళీ ఎక్కడుంది? గుడ్డగా వచ్చినప్పుడు కుట్టుకూలి దగ్గర ఉంది. ఆంధ్రప్రదేశ్ పథకంలో జతకు ఎనిమిదో తరగతి దాకా 40 రూపాయలు, తొమ్మిది, పది తరగతులకు 80 రూపాయలు కట్టారు. ఆ డబ్బుకు కుట్టే టైలరు మీ వీధిలో ఉంటే నాకు చెప్పండి. ఇంకో ఖాళీ చిన్న ప్రైవేటు బడుల్లో ఉంది. మన పేటల్లో ఎంతో మంది పిల్లలు తక్కువ ఫీజు ఇంగ్లీషు మీడియం బడుల్లో ఉన్నారు, వాళ్లకు ఏ కిట్టూ రాదు. మూడోది వానాకాలం. ఒక్క జతే ఉన్న బిడ్డకు రాత్రి ఉతికినది పొద్దుటికి ఆరకపోతే ఆ రోజు కడుపునొప్పి వస్తుంది. నేను ఇన్నేళ్ల హాజరు పట్టీల్లో చూసిన జూలై కడుపునొప్పుల్లో చాలావాటికి మందు రెండో జతే.

ఇప్పుడు మీలో చాలామంది మనసులో ఉన్న విషయానికి వస్తాను. తలమీది గుడ్డ.

ఫ్రాన్స్‌లో ప్రభుత్వ బడులకు మామూలుగా యూనిఫాం లేదు. పిల్లలు ఇంటి బట్టలతో వస్తారు. అయినా 2004 మార్చి 15 నాటి చట్టం మతాన్ని కొట్టొచ్చినట్టు చూపే చిహ్నాలను అక్కడ నిషేధించింది. 2023లో అబాయా కూడా వద్దన్నారు. తుర్కియేలో దారి తిరిగింది. దశాబ్దాల పాటు వద్దన్న తలగుడ్డను 2014లో ఐదో తరగతి నుంచి అనుమతించారు. ఇండోనేషియాలో తెల్ల చొక్కాతో ప్రాథమికంలో ఎరుపు, మధ్యలో ముదురు నీలం, పైన బూడిద రంగు. దేశమంతా ఒకటే లెక్క. కానీ 2021లో పడాంగ్ నగరంలో ఒక ప్రభుత్వ బడి ముస్లిమేతర విద్యార్థినిని కూడా తలగుడ్డ వేసుకోమని ఒత్తిడి చేసింది. ముగ్గురు మంత్రులు కలిసి, బలవంతం కూడదు, నిషేధమూ కూడదు అని ఉత్తర్వు ఇచ్చారు. కొద్ది నెలలకే అక్కడి సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఫ్రాన్స్ బడిలో తీయించినా, పడాంగ్‌లో వేయించినా నా దృష్టిలో తప్పు ఒకటే. మొదటిదానికి నొచ్చుకుని రెండోదానికి మౌనంగా ఉంటే మన మాటకు బలం ఉండదు.

దక్షిణాఫ్రికా కథ మన తెలుగువాళ్లకు తొందరగా అర్థమవుతుంది. డర్బన్‌లో దక్షిణ భారత మూలాలున్న హిందూ కుటుంబం అమ్మాయి ముక్కుపుడకతో బడికి వచ్చింది. ఆభరణాలు కూడదన్న నియమం చూపి తీయమన్నారు. అది ఆ దేశ రాజ్యాంగ న్యాయస్థానం దాకా వెళ్లింది. 2007లో అమ్మాయి వైపే తీర్పు వచ్చింది. మతం తప్పనిసరి చేసిందా లేదా అన్నదొక్కటే ప్రశ్న కాదు, ఆ బిడ్డ తన సంప్రదాయంగా మనస్ఫూర్తిగా పాటిస్తోందా అన్నది కూడా చూడాలని ఆ కోర్టు భావించింది.

బ్రిటన్‌లోని లూటన్‌లో డెన్‌బీ హైస్కూలులో ఎక్కువ మంది ముస్లిం పిల్లలే, ప్రధానోపాధ్యాయురాలు కూడా ముస్లిం కుటుంబం నుంచి వచ్చినవారే. తల్లిదండ్రులతో, మసీదులతో మాట్లాడి సల్వార్ కమీజ్‌ను, బడి రంగు స్కార్ఫ్‌ను యూనిఫాంలో పెట్టారు. 2002లో ఒక విద్యార్థిని అది చాలదని, జిల్బాబ్ వేసుకుని వచ్చింది. బడి మార్చుకుని రమ్మంది. కేసు కింది కోర్టులో ఒకలా, పై కోర్టులో ఒకలా తిరిగి 2006లో హౌస్ ఆఫ్ లార్డ్స్‌లో బడికి అనుకూలంగా ముగిసింది. ఈలోగా ఆ అమ్మాయి దాదాపు రెండేళ్ల చదువు పోగొట్టుకుంది. ఎవరు గెలిచారన్నది లాయర్లు చెబుతారు. ఆ రెండేళ్లు ఎవరు తిరిగిచ్చారు అన్నది టీచరుగా నా ప్రశ్న.

మన పొరుగున కర్ణాటకలో జరిగింది మీకు తెలుసు. 2022 ఫిబ్రవరి 5న ప్రభుత్వ ఉత్తర్వు, మార్చి 15న హైకోర్టు దాన్ని సమర్థించడం (ఫ్రాన్స్ చట్టానికి సరిగ్గా పద్దెనిమిదేళ్లకు, అదే తేదీన!), అక్టోబరు 13న సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు చెరో అభిప్రాయం చెప్పడం. ఈ మధ్యలో పరీక్షలు వదులుకున్న ఆడపిల్లలు ఉన్నారు. గేటు దగ్గర ఆగిపోయిన రోజులు ఏ తీర్పుతోనూ తిరిగి రావు. అలాంటి పరిస్థితి మన ఊళ్లో వస్తే సంఘం ముందుగా చేయాల్సినవి రెండు. హెడ్మాస్టరుతో పెద్దమనిషి తరహాలో మాట్లాడటం, ఆ మాటలు తేలేదాకా బిడ్డ చదువు ఒక్క రోజు కూడా ఆగకుండా ట్యూషనో, ఓపెన్ స్కూలో చూపించడం. చాలా బడుల్లో యూనిఫాం రంగు స్కార్ఫ్ అంటే హెడ్మాస్టరు అభ్యంతరం చెప్పరు. అది జూన్‌లోనే అడగాలి, గొడవ మొదలయ్యాక కాదు.

ఒక మాట మనలోమనం. బట్టల నియమం వల్ల ఆగిన ఆడపిల్లలకన్నా, బట్టల పేరు చెప్పి మన ఇళ్లలోనే ఆపేసిన ఆడపిల్లలు నా తరగతుల్లో ఎక్కువ. అసలు కారణం హైస్కూలు దూరం, దారిలో భయం, సంబంధం కుదరడం, లేదా పదో తరగతి ఫెయిలు కావడం. అడిగితే మాత్రం, అక్కడ పర్దాకు కుదరదు మేడమ్ అంటారు. ఆటో ఖర్చు మనం భరిస్తే, నలుగురు అమ్మాయిలను కలిపి పంపిస్తే ఆ అభ్యంతరం చాలాసార్లు దానంతటదే పోవడం నేను చూశాను.

చివరగా పనికి సంబంధించిన మాట. జకాత్, సదఖా మనకు ఎక్కువగా రంజాన్‌లో వస్తాయి. రంజాన్ ఏటా పది, పదకొండు రోజులు ముందుకు జరుగుతూ ఉంటుంది. బడి మాత్రం జూన్ 12 ప్రాంతంలోనే తెరుస్తారు. వేసవికి ముందే కుట్టి పంచేస్తే తెరిచే నాటికి పిల్లలు పెరిగిపోతారు, పొట్టి అయిపోతాయి. జకాత్ సొమ్ము ఎన్నాళ్లు ఉంచవచ్చో ఆలిములను అడిగి తెలుసుకోండి. మిగతా చందాల సొమ్ముకైనా ఒక ఖాతా విడిగా పెట్టండి. గుడ్డ ముందే టోకున కొనవచ్చు. కొలతలు ఏప్రిల్‌లో, బడి మూసే ముందు తీసుకుందాం. అంచు లోపల రెండంగుళాలు వదిలి కుట్టించాలి, ఏడాది మధ్యలో విప్పుకోవచ్చు. కుట్టు పని మన సంఘం మిషన్లు ఇచ్చిన అక్కచెల్లెళ్లకే ఇవ్వండి, సరైన కూలి కట్టండి. ఏడు, ఎనిమిది తరగతుల నుంచి ఆడపిల్లలకు చున్నీ, అదే రంగు స్కార్ఫ్ జతలోనే పెట్టండి, అడిగించుకోవద్దు. ఒక్కొక్కరికి రెండు జతలు. పాతవి తిరిగి ఇచ్చేవాళ్ల కోసం ఆఫీసులో ఒక బీరువా. ఆ పైన, సెప్టెంబరులో ఒకసారి, జనవరిలో ఒకసారి బడికి వెళ్లి, మనం ఇచ్చిన పిల్లల హాజరు చూసి రావాలి. కెన్యాలో తప్పిపోయినది మన దగ్గర తప్పిపోకుండా ఉండాలంటే ఈ చివరి పనే ముఖ్యం.

కొలతలకు టేపు పట్టుకుని నాతో రావడానికి ఆడపిల్లలు నలుగురు, రాసుకోవడానికి ఒక్కరు కావాలి. సభ అయ్యాక కార్యదర్శి గారి దగ్గర పేర్లు ఇవ్వండి. వస్సలాం.