ప్రాంగణంలో ఏనుగు

(ప్లాటినం జూబిలీ సందర్భంగా ఏర్పాటైన పూర్వ విద్యార్థుల, తల్లిదండ్రుల సభలో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)



మన పాఠశాల 75 వసంతాలు పూర్తి చేసుకున్న ఈ శుభవేళ, పూర్వ విద్యార్థులు ఒక కోరిక వెలిబుచ్చారు. ప్రాంగణం మధ్యనున్న వేపచెట్టు దగ్గర, మన బడికి గుర్తుగా ఒక జంతువు శిల్పాన్ని ప్రతిష్ఠించి కానుకగా ఇస్తామన్నారు. అమెరికాలో చదువుకుంటున్న తమ పిల్లలను చూడబోయినప్పుడు అక్కడి విశ్వవిద్యాలయాలలో అటువంటి విగ్రహాలను చూచి ముచ్చటపడ్డారట. వెనువెంటనే మరొక మాట కూడా నా చెవిని పడింది. "గ్రంథాలయం పైకప్పు వానకు కారుతుంటే బొమ్మ ఎందుకమ్మా?" అని ఒక తల్లి అడిగింది. ఈ రెండు మాటలూ బడి మీది ప్రేమతో పుట్టినవే. కనుక రెండింటినీ తూచి చూడటం నా విధి.

మొదట ఆ విదేశీ ఉదాహరణనే తీసుకుందాం. అమెరికాలోని మేరీలాండ్ విశ్వవిద్యాలయానికి చిహ్నం ఒక తాబేలు. పేరు టెస్టూడో. లాటిన్ భాషలో ఆ మాటకు తాబేలు అనే అర్థం. సమీపంలోని చెసపీక్ అఖాతపు తీరాన డైమండ్‌బ్యాక్ టెరాపిన్ అనే తాబేళ్ళు ఉంటాయి. ఆ తీరంలోనే పుట్టి పెరిగి, విశ్వవిద్యాలయంలో క్రీడా శిక్షకుడుగా ఉండి తరువాత అధ్యక్షుడైన హ్యారీ బర్డ్ ఈ తాబేలును చిహ్నంగా సూచించారు. 1933లో చదువు ముగించి వెళుతున్న విద్యార్థులు తామే ధనం సమకూర్చి కంచు విగ్రహాన్ని కానుకగా ఇచ్చారు. 1947లో పోటీ సంస్థ అయిన జాన్స్ హాప్కిన్స్ విద్యార్థులు దానిని ఎత్తుకుపోయారు. అటువంటి చిలిపి చోరీలకు అడ్డుకట్ట వేయడానికి ఆ తరువాత విగ్రహం లోపల సిమెంటు నింపి బరువు పెంచారు. 1965 నుండి అది మెకెల్డిన్ గ్రంథాలయం ముందు కొలువై ఉంది. పరీక్షకు వెళ్ళే విద్యార్థి దాని ముక్కును ఒకసారి నిమిరి వెళ్ళడం అక్కడి ఆచారం. తరతరాల చేతి స్పర్శకు ఆ ముక్కు తళతళలాడుతుంది. పరీక్షల వారంలో దాని ముందు పండ్లు, తినుబండారాలు, నాణేలు, ఇంకా చిత్రవిచిత్రమైన కానుకలు గుట్టలుగా పడతాయి. పరీక్షా భయం ఏ దేశంలోనైనా ఒక్కటే అని మనం నవ్వుకోవచ్చు.

ఈ కథలో నన్ను ఆలోచింపజేసినవి రెండు. విగ్రహం పైవారి ఆజ్ఞతో వచ్చినది కాదు. విద్యార్థులు తమ చేతి డబ్బుతో తెచ్చుకున్నది. అందుకే దానిని తమదనుకున్నారు. ఇక రెండవది. ఆ తాబేలు మాంసానికి ఒకప్పుడు విందులలో ఎంతో గిరాకీ. వేట మితిమీరి ఆ జాతి బాగా తగ్గిపోయింది. 1994లో మేరీలాండ్ రాష్ట్రం దానిని తన అధికారిక సరీసృపంగా ప్రకటించింది. వ్యాపారం కోసం దానిని పట్టడాన్ని మాత్రం 2007లో గాని నిషేధించలేదు. కంచు తాబేలు ముక్కు నిమరడం సులువు. నీటిలోని తాబేలును బ్రతకనివ్వడం కష్టం. చిహ్నాన్ని గౌరవించేవారు ఆ రెండవ పని కూడా చేయాలి.

మన గడ్డ మీద జంతు శిల్పాలకు కొదువ లేదు. రాయవేలూరు కోటలోని జలకంఠేశ్వరాలయ కల్యాణ మండపాన్ని చూడని వారు ఈ సభలో ఉండరు. ముందుకాళ్ళెత్తి లంఘించే ఆ అశ్వాలు, ఆ యాళులు విజయనగర కాలపు శిల్పుల ఉలి నుండి వెలువడినవి. కాని ఆ ఆలయంలో చిరకాలం మూలమూర్తి లేదు, పూజ లేదు. ఆంగ్లేయుల కాలంలో ఆ మండపం ఆయుధాగారంగా కూడా ఉండేది. 1981లో స్వామిని పునఃప్రతిష్ఠించే వరకు ఆ గుర్రాలు పలకరించే దిక్కు లేక నిలిచి ఉన్నాయి. శిల్పం చెక్కు చెదరలేదు. దాని చుట్టూ అల్లుకొన్న జీవితం మాత్రం తెగిపోయింది. రాయి తనంతట తాను సంప్రదాయాన్ని నిలుపలేదని, నిలిపేది మనుషుల రాకపోకలేనని ఆ మండపమే మనకు చెబుతోంది.

విద్యాసంస్థలకు జంతువులు చిహ్నాలు కావడం మన తెలుగువారికీ క్రొత్త కాదు. 1926లో స్థాపితమైన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు చిహ్నంలో ఉదయించే సూర్యుడు, పద్మం, స్వస్తికలతో పాటు రెండు సర్పాలున్నాయి. అవి జ్ఞానాన్ని అన్వేషించేవారికి, దానిని కాపాడేవారికి సంకేతాలు. ప్రథమ ఉపాధ్యక్షులు కట్టమంచి రామలింగారెడ్డిగారి సూచనల మేరకు కౌతా రామమోహన శాస్త్రిగారు దానిని చిత్రించారు. కట్టమంచి చిత్తూరు ప్రక్కనే ఉన్నది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడే వరకు చిత్తూరు, వేలూరు, గుడియాత్తం అన్నీ ఉత్తరార్కాటు జిల్లాలోనివే. రెడ్డిగారి తరువాత 1931లో ఆ పదవి చేపట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు మన వేలూరు ఊరీసు కళాశాలలో చదివినవారు. కనుక ఆ చిహ్నం మనకు పరాయిది కాదు. అక్కడ భయపెట్టే పాము కాపలాదారుగా మారింది. చిహ్నానికి అర్థాన్నిచ్చేది జంతువు కాదు, దానిని ఎన్నుకొన్నవారి సంకల్పం.

మరి మన బడికి ఏ జంతువు తగినది? పూర్వ విద్యార్థులలో కొందరు సింహమన్నారు, కొందరు నంది అన్నారు. నా మనవి ఏనుగు. కారణం చెబుతాను. మన ఊరికి పడమట, సరిహద్దుకు ఆవల, చిత్తూరు జిల్లాలో కౌండిన్య అభయారణ్యం ఉంది. సుమారు రెండు శతాబ్దాలు ఆంధ్రదేశంలో కానరాని అడవి ఏనుగులు 1980వ దశకంలో దక్షిణపు అడవుల నుండి అక్కడికి చేరాయి. 1990లో ఆ అడవిని అభయారణ్యంగా ప్రకటించారు. నేడు అవి మన పేర్ణాంబట్టు, గుడియాత్తం పల్లెల పొలాలలోకి కూడా దిగుతున్నాయి. వాటికి ఆంధ్ర, తమిళ సరిహద్దు రేఖ తెలియదు. మేత, నీరు, పాత దారి మాత్రమే తెలుసు. వాటివల్ల అరటితోట పోగొట్టుకున్న రైతుల పిల్లలు మన తరగతులలో ఉన్నారు. వారి ముందు ఏనుగును కేవలం ముద్దులొలికే బొమ్మగా చూపితే అన్యాయం. అడవి తరిగితే ఏనుగుకు, రైతుకు ఇద్దరికీ నష్టమేనని చెప్పే పాఠంగా చూపాలి.

ఇంకొక కారణం భాష. మనం ఏనుగంటాము, తమిళులు యానై అంటారు, కన్నడిగులు ఆనె అంటారు. ఒక్క తల్లి కడుపున పుట్టిన మాటలివి. తమిళనాట తెలుగు చదివే మన పిల్లలకు ఇంతకన్న చక్కని గుర్తు ఏముంది? 2006లో వచ్చిన చట్టంతో, ఒకటవ తరగతి మొదలుకొని ఏటా ఒక్కొక్క తరగతిగా తమిళం నిర్బంధ పాఠ్యాంశమైంది. తమిళాన్ని మన పిల్లలు చక్కగా నేర్చుకోవలసిందే. అది మనకు అన్నం పెట్టే నేల భాష. కాని ఆ పేరుతో తెలుగు పుస్తకం చేతి నుండి జారిపోతే, శతజయంతి నాడు ఈ ప్రాంగణంలో విగ్రహం ఉంటుంది. దాని క్రింది తెలుగు పలకను చదివేవారు ఉండరు. నా అసలు భయం అదే.

అందుచేత పూర్వ విద్యార్థుల కానుకను మూడు నియమాలతో స్వీకరిద్దామని ప్రతిపాదిస్తున్నాను. మొదటిది, ముందు గ్రంథాలయం పైకప్పు, తరువాతనే విగ్రహం. ఆ తల్లి మాట న్యాయమైనది. తల్లిదండ్రుల నుండి ఒక్క రూపాయి కూడా వసూలు చేయరాదు. రెండవది, ఇది పూజావిగ్రహం కాదు. అన్ని మతాల పిల్లలూ చేరే బడి ఇది. కొబ్బరికాయలు, హారతులు, పరీక్షల ముందు మొక్కుబడులు వద్దు. చదవని పాఠాన్ని ఏ ఏనుగూ వ్రాసిపెట్టదు. తొండం నిమిరి నవ్వుతూ పరీక్షకు వెళతామంటే మాత్రం నేను అడ్డుచెప్పను.

మూడవది, ముఖ్యమైనది. సంప్రదాయాన్ని మనమే నాటుదాం. ఏటా పదవ తరగతి ముగించి వెళ్ళే ప్రతి విద్యార్థీ తన పేరు వ్రాసిన ఒక తెలుగు పుస్తకాన్ని ఆ ఏనుగు పాదాల దగ్గర ఉంచాలి. అదే సాయంత్రం ఆ పుస్తకాలు గ్రంథాలయానికి చేరాలి. ఏటా జూన్‌లో ఒకటవ తరగతిలో చేరిన పసివాని చేయి పట్టుకొని పై తరగతి విద్యార్థి అక్కడికి తీసుకువెళ్ళి, "ఇది ఏనుగు" అని పలికించి, పలక మీద ఆ మూడక్షరాలూ దిద్దించాలి. ఖర్చు లేని ఆచారమిది. ఏ చట్టమూ దీనికి అడ్డురాదు. ఉత్సాహం పదేళ్ళు నిలిస్తే అదే సంప్రదాయమవుతుంది.

పూర్వ విద్యార్థులారా! మీరు ఇవ్వదలచిన శిల్పం ఒక్కరోజులో ప్రతిష్ఠింపబడుతుంది. దానికి ప్రాణం పోయవలసినది ఏటేటా మీ రాక. మీ పిల్లలను, మనుమలను వెంటబెట్టుకొని రండి. వారిచేత ఆ పలకను తెలుగులో చదివించండి. తల్లిదండ్రులారా! ఈ ప్రతిపాదనపై మీ అంగీకారమైనా, అభ్యంతరమైనా నిస్సంకోచంగా తెలియజేయండి. మీ సమ్మతి లేక ఒక్క రాయి కూడా కదలదు.