పరీక్షా ద్వారమున పల్లె బాలిక



జమ్మలమడుగు సీమలో, పెన్న యొడ్డున నున్న గండికోటను చూడనివారుందురేమో గాని, విననివారుండరు. కోటకు ద్వారమున్నంత మాత్రమున చాలదు. దారి తెలిసినవానికే యది ద్వారము, తెలియనివానికది గోడ. ఇంట తొలిసారిగా పలక పట్టిన బాలికకు ప్రవేశ పరీక్షలును నట్టివే.

నవోదయ విద్యాలయములనే చూతము. 1986 నాటి జాతీయ విద్యావిధానము ననుసరించి దేశమున నెలకొనిన యీ పాఠశాలలలో భోజనము, వసతి, పుస్తకములు ఉచితము. ఆరవ తరగతి ప్రవేశమునకు పరీక్ష గలదు: ప్రశ్నలు 80, మార్కులు 100, గడువు 2 గంటలు. సగము మార్కులు బుద్ధికుశలతకు, తక్కిన సగము గణితమునకును భాషకును. తెలుగుననే వ్రాయవచ్చును. నూటికి 75 స్థానములకు తక్కువగాకుండ గ్రామీణులకును, మూడింట నొకవంతు బాలికలకును ఏర్పరుపబడినవి. ఇది న్యాయమే. కాని యే బిడ్డకైనను ఈ పరీక్షకు కూర్చుండు అవకాశ మొక్కమారే.

చిక్కంతయు నిచ్చటనే యున్నది. చదువుకొన్న తలిదండ్రులు గడువు కనిపెట్టి, ఏడాది ముందుగనే బిడ్డచే అభ్యాసము చేయింతురు. వేలిముద్ర వేయు తల్లికి అట్టి పరీక్ష యొకటి కలదనియే తెలియదు. గ్రామీణ స్థానము గోరు బిడ్డ మూడు, నాలుగు, అయిదు తరగతులు పూర్తిగా పల్లె బడిలోనే చదివియుండవలెను. పడమటి కర్నూలు నుండి మిరప కోతలకై గుంటూరు సీమకు వలసపోవు కుటుంబములలో బిడ్డ చదువు నడుమనే తెగును. అట్టి బిడ్డ యోడిపోవుట తెలివి చాలకకాదు, పరీక్షా మందిరము చేరలేకయే.

మనమేమి చేయవలెను? ఉపాధ్యాయుడు నాలుగవ తరగతిలోనే అట్టి బాలికలను గుర్తించి, పేరు, పుట్టిన తేదీ సరిచూచి, దరఖాస్తు తానే పెట్టించవలెను. తప్పు జవాబునకు మార్కులు కోయరు గనుక ఏ ప్రశ్నను విడువరాదని చెప్పవలెను. వలసపోవువారి బిడ్డను ఆ నెలలు ఊరనే యుంచుకొను బంధువుల యిల్లు చూడవలెను.

ఇట్టి చేయూత మనకు క్రొత్త గాదు. 1937లో మద్రాసున దుర్గాబాయిగారు స్థాపించిన ఆంధ్ర మహిళా సభ, స్త్రీలను కాశీ విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషను పరీక్షకు సిద్ధపరచెను.

ప్రవేశము దొరకినంతనే పని ముగియదు. తన యాసకు, తన బట్టకు ఇతరులు నవ్వుదురను బెరుకు తొలినాళ్ల బాలికను క్రుంగదీయును. అప్పుడు ముందు చేరిన అక్కలే ఆమెకు దిక్కు. వారు సెలవులకు వచ్చినపుడు తమ యూరి చెల్లెండ్రకు నాలుగు లెక్కలు నేర్పినచో అంతకు మించిన గురుదక్షిణ లేదు.

స్థానము దొరకని బిడ్డను మాత్రము నిందింపకుడు. ఒక పరీక్ష పోయినంత మాత్రమున చదువు పోదు. బడి మాన్పించి పొలమునకు పంపినచో మాత్రము, ఆ తప్పు బిడ్డది గాదు, మనది.