ఆల్బేనియా బడియు, మన బడియు
(పాఠశాల వార్షికోత్సవ సభయందు ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగము)



ప్రతి సంవత్సరము ఈ వేదికపై హాజరు లెక్కలు, పరీక్షా ఫలితములు చదివి కూర్చొనుట మాకు వాడుక. ఈసారి వేరొక విషయము ముచ్చటింపదలచితిమి. గడచిన జూన్ మాసమున ఒక తండ్రిగారు తమ కుమారుని టి.సి. కొరకు మా గదికి వచ్చిరి. "అయ్యవారూ, మావాణ్ణి లా చదివించల్లని ఉంది. లా అంటే ఇప్పుడు దేశదేశాల వ్యవహారం. తెలుగు బడిలో చదివినోడు అక్కడ నిలబడగలడా?" అని అడిగిరి. మాకు వెంటనే సమాధానము తోచలేదు. మేము ఇంటర్మీడియట్ చదివి ఉపాధ్యాయ శిక్షణ పొందినవారమే గాని న్యాయశాస్త్రము నెరిగినవారము కాము. "వార్షికోత్సవం దాకా ఓపిక పట్టండి, తెలుసుకొని చెబుతాము" అంటిమి. ఆయన ఓపిక పట్టిరి. నేడీ సభలో కూర్చొనియున్నారు.

ఆయన మాటలో సత్యము లేకపోలేదు. న్యాయవిద్య దేశముల ఎల్లలను దాటినది. 1960లో అమెరికా దేశమున జెస్సప్ గారి పేర ఒక వాదనల పోటీ మొదలయ్యెను. ఆ ఫిలిప్ జెస్సప్ గారు తరువాత హేగ్ నగరమందలి అంతర్జాతీయ న్యాయస్థానమున న్యాయమూర్తిగా నుండిరి. పోటీ విధానమిది: లేని రెండు రాజ్యములను కల్పించి, వాటి నడుమ ఒక తగవు కల్పింతురు. నానాదేశముల లా కళాశాలల విద్యార్థులు ఆ తగవును హేగ్ న్యాయస్థానము నెదుట వాదించుచున్నట్లు వాదింతురు. న్యాయమూర్తుల పీఠముపై కూర్చుండువారు వృత్తిలోనున్న న్యాయవాదులు, ఆచార్యులు. ఈ రీతిగా కళాశాలకును వృత్తికిని, ఒక దేశమునకును మరియొక దేశమునకును పరిచయము కలుగుచున్నది. మన బెంగుళూరు నగరమున 1988లో బోధన ప్రారంభించిన జాతీయ న్యాయ విద్యాలయపు విద్యార్థులు ఈ పోటీలో 1999లోను, 2013లోను ప్రపంచ విజేతలైరి.

మన పాఠశాలలో అయిదవ తరగతి వరకు చదివి, ఇప్పుడు లా చదువుచున్న అమ్మాయి యొకతె మొన్న దసరా సెలవులలో మమ్ము చూడవచ్చెను. ఇట్టి పోటీలను గురించి ఆమెయే మాకు వివరించినది. "మాస్టారూ, ఒకే జట్టు రెండు పక్షాల తరఫునా వాదన రాయాలి. పొద్దున వాది తరఫున మాట్లాడితే, సాయంత్రం ప్రతివాది తరఫున మాట్లాడాలి" అనెను. ఎదుటివాని పక్షమున నిలిచి ఆలోచించుటకంటె గొప్ప చదువు వేరొకటి గలదా యని మాకు తోచినది.

విద్యార్థులకే గాక వృత్తికిని ఈ రాకపోకలు తప్పలేదు. విదేశీ న్యాయవాదులు మన దేశమున వృత్తి చేయరాదని, తమ దేశపు చట్టముపై సలహా చెప్పుటకు అప్పుడప్పుడు మాత్రము వచ్చిపోవచ్చునని 2018లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. పిదప 2023 మార్చిలో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమములను ప్రకటించి, కోర్టులలో వాదించుట తప్ప ఇతర వ్యవహారములకు వారికి దారి చూపెను. వారి దేశము మనవారికి తలుపు తెరచినచో మనము వారికి తెరతుమనుట అందలి సూత్రము. ఇచ్చిపుచ్చుకొనుట మన పల్లెలయందును గల ధర్మమే గదా!

ఇదంతయు మన చిన్న బడికేల యని మీరడుగవచ్చును. ఇక అసలు మాట చెప్పెదము.

ఐరోపాలో ఆల్బేనియా యను చిన్న దేశము గలదు. దాని దక్షిణ భాగమున గ్రీకు భాష మాటలాడువారు తరతరములుగా నివసించుచున్నారు. అల్పసంఖ్యాకులు తమ ఖర్చుతో తమ బడులు నడుపుకొనవచ్చునని 1921లో ఆ దేశము నానాజాతి సమితి యెదుట మాట యిచ్చెను. 1933లో రాజ్యాంగము మార్చి, ప్రైవేటు బడుల నన్నిటిని మూసివేసెను. "అందరి బడులను మూసితిమి, ఇందు పక్షపాతమెక్కడ?" అని వారి వాదన. నాటి అంతర్జాతీయ న్యాయస్థానము 1935 ఏప్రిల్ 6వ తేదీన తన అభిప్రాయమును వెలువరించెను. పదునొకండుగురిలో ఎనిమిదిమంది ఆ వాదనను త్రోసివేసిరి. పెక్కుమందికి ప్రభుత్వపు బడులే తమ భాష బడులు. కొద్దిమందికి తమ బడి పోయినచో వేరు దిక్కులేదు. కావున సమానత్వము కాగితముపై నుండిన చాలదు, అనుభవములోను ఉండవలెనని ఆ అభిప్రాయపు సారము.

ఆ మాట సముద్రములు దాటి మనకడకు వచ్చినది. 1974లో అహమ్మదాబాదు సెయింట్ జేవియర్ కళాశాల వ్యాజ్యమున, రాజ్యాంగము 30వ అధికరణమును వివరించుచు, న్యాయమూర్తి ఖన్నా గారు ఈ ఆల్బేనియా బడుల అభిప్రాయమును స్మరించిరి. మన సంఘము ఈ బడిని నడుపుచున్నది ఆ 30వ అధికరణపు నీడలోనే. ఎక్కడి గ్రీకు పిల్లలు, ఎక్కడి మన పిల్లలు! ఒక దేశపు తీర్పును మరొక దేశపువారు చదివి, బోధించి, వాదించుటవలననే గదా ఆ నీడ మరింత చిక్కనైనది!

2002లో టి.ఎం.ఏ. పాయ్ వ్యాజ్యమున, భాషా అల్పసంఖ్యాకులెవరో రాష్ట్రమును బట్టి నిర్ణయింపవలెనని సుప్రీంకోర్టు చెప్పెను. ఆంధ్రలో పెక్కుమందిమైన మనము ఇచ్చట కొద్దిమందిమి. 2014లో మన కర్ణాటక వ్యాజ్యముననే, బిడ్డ మాతృభాష యేదో చెప్పవలసినది తలిదండ్రులేయనియు, ప్రాథమిక విద్యలో మాతృభాషా మాధ్యమమును ప్రభుత్వము నిర్బంధింపరాదనియు తీర్పయ్యెను. అనగా మీరీ బడికి బిడ్డను పంపుట ఒకరి ఆజ్ఞవలన కాదు, మీ ఇష్టమువలన. ఇష్టము మీదైనప్పుడు, దానికి తగిన చదువు చెప్పుట మా బాధ్యత.

ఇక ఆ తండ్రిగారికి మా సమాధానము. లా చదువవలెనన్న ఇంగ్లీషు కావలెను. దానిని దాచి చెప్పుట మోసము. ఈ రాష్ట్రపు క్రింది కోర్టులలో పని చేయవలెనన్న కన్నడము కావలెను. అయితే చదివినదానిని అర్థము చేసికొని, కారణము చూపి, ఎదుటివాని మాట విని మారు చెప్పగల నేర్పు తొలుత ఇంటి భాషలోనే మొలకెత్తును. పునాది తెలుగున వేసినంతమాత్రమున మిద్దె వంగదు. మా లోపమును గూడ ఒప్పుకొందుము: ఇంతవరకు ఇంగ్లీషునకు మేమిచ్చిన సమయము చాలలేదు. రాబోవు జూన్ నుండి ప్రతిదినము ఒక గంట అదనముగా ఇచ్చెదము. శనివారములయందు నాల్గవ, అయిదవ తరగతులవారికి వాదనల సభ జరిపెదము; ఒకే బిడ్డ రెండు పక్షములను వాదింపవలెను. తలిదండ్రులు వచ్చి న్యాయమూర్తులుగా కూర్చొన ప్రార్థన.

టి.సి. పుస్తకము మా బల్ల సొరుగులోనే యున్నది. అడిగినచో కాదనక ఇచ్చెదము. అది మీ హక్కు. అడుగుటకు ముందు ఒక్క శనివారము మాత్రము వచ్చి, మీ బిడ్డ మాటలాడుట వినుడు.

సెలవు.