పట్టినవాడిదేనా హక్కు?

(విద్యార్థి ఉపకారవేతనాల ప్రదాన సభలో చేసిన ప్రసంగ పాఠం)



బ్యాంకులో వ్యవసాయ రుణాల బల్ల దగ్గర పనిచేసినన్నాళ్లూ పొలం దస్తావేజులు చదవడమే నా పని. వాటిలో ఒక పాత మాట ఉంటుంది. నిధి, నిక్షేప, జల, పాషాణ మొదలైన అష్టభోగాలతో సహా అమ్మామని. అది చదివి, పొలం కొంటే పాతాళం దాకా మనదే అనుకుంటాం. చట్టం అలా అనదు. పది రూపాయల విలువ దాటిన నిధి దొరికితే, 1878 నాటి చట్టం ప్రకారం కలెక్టరుకు తెలియజేయాలి.

నిధి ఉన్నచోటే ఉంటుంది. మరి కదిలేవాటి సంగతి?

అమెరికాలో లా విద్యార్థులు తప్పక చదివే నక్క కేసు ఒకటుంది. న్యూయార్క్ రాష్ట్రంలో పోస్ట్ అనే ఆయన వేటకుక్కలతో ఒక నక్కను తరుముతున్నాడు. అది చూస్తూనే పియర్సన్ అనే ఆయన అడ్డువచ్చి దాన్ని చంపి పట్టుకుపోయాడు. నక్క ఎవరిది? 1805లో అక్కడి కోర్టు పియర్సన్‌దే అంది. తరిమినంత మాత్రాన హక్కు రాదు. చంపాలి, లేదా తప్పించుకోలేకుండా చేజిక్కించుకోవాలి. అలా కాకపోతే తగవులకు అంతుండదని కోర్టు అభిప్రాయం. కష్టపడ్డవాడికే ఫలం దక్కాలని ఒక న్యాయమూర్తి మాత్రం విభేదించారు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లని మన సామెత. కోర్టు కాళ్లెన్నని అడగలేదు, పట్టావా లేదా అని అడిగింది.

మన దేశంలో ఈ సూత్రం ఇప్పుడు చెల్లదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం, చట్టవిరుద్ధంగా వేటాడిన జంతువైనా, చచ్చి దొరికినదైనా ప్రభుత్వ ఆస్తే. చేతికి వస్తే 48 గంటల్లో పోలీసులకో, అధీకృత అధికారికో తెలపాలి. కాకినాడ, యానాం తీరానికి ఎదురుగా సముద్రగర్భంలో ఉన్న గ్యాసు కూడా, రాజ్యాంగం 297వ అధికరణం ప్రకారం, తోడిన కంపెనీది కాదు, కేంద్రానిది.

కానీ మన ఇళ్లను నేరుగా తాకేది నీరు. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం, నిర్ణీతమైన ధారగా పారని భూగర్భ జలాన్ని తన హద్దుల్లో తోడుకునే హక్కు భూయజమానికి ఇచ్చింది. అంటే నక్క న్యాయమే. 1843లో ఇంగ్లండులో గని తవ్వకం వల్ల ఒక మిల్లు యజమాని బావి ఎండితే, కోర్టు పరిహారం ఇవ్వలేదు. పక్క రైతు మనకన్నా లోతుగా బోరు వేస్తే మన బోరు ఎండుతుంది. బోరు ఎండినా అప్పు ఎండదు. వడ్డీ పెరుగుతూనే ఉంటుంది. ఆ దెబ్బ ముందు పిల్లల చదువు మీదే పడుతుంది.

అందుకే మహారాష్ట్ర 2009లో, కర్ణాటక 2011లో భూగర్భ జలాల నియంత్రణకు చట్టాలు చేశాయి. తమిళనాడు 2003లో చేసిన చట్టాన్ని 2013లో రద్దు చేసుకుంది. కాబట్టి తల్లిదండ్రులకు నా మనవి: అప్పు చేసి బోరు వేయించే ముందు, మీ ప్రాంతానికి అనుమతి అవసరమో లేదో విచారించండి. పక్క పొలాలవాళ్లతో కూర్చుని మాట్లాడుకోండి. పోటీపడి లోతుకు పోతే చివరికి అందరివీ ఎండుతాయి.

విద్యార్థులారా! నదులు, అడవులు, నీరు వంటి ప్రకృతి వనరులకు ప్రభుత్వం యజమాని కాదు, ప్రజల తరఫున ధర్మకర్త అని 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. మన ట్రస్టును చూడండి. మూలధనం ముట్టుకోకుండా, వచ్చే వడ్డీతో ఉపకారవేతనాలు ఇస్తేనే వచ్చే ఏటి పిల్లలకూ మిగులుతుంది. భూమిలోని నీరు మూలధనం, ఏటేటా కురిసే వాన వడ్డీ. ఈ లెక్క తెలిసిన లాయర్లు, ఇంజనీర్లు, అధికారులు మీలోంచి రావాలి.